సీసాల మీద పేర్లు

బందరులో నేను పనిచేసే కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్‌ది రెండు రెక్కల తలుపు. ఎడమ రెక్క ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది. లెక్చరరుగా చేరిన రోజు పొద్దున నేను కుడి రెక్క దాటబోతుంటే ల్యాబ్ అసిస్టెంటు గారు లోపలి నుంచి వచ్చి, "స్టూడెంట్లు ఇప్పుడు రాకూడదమ్మా, బయటుండు" అని నా ముఖం మీదే తలుపు వేశారు. నా చేతిలో అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉంది. దాని మూల తలుపు సందులో పడి నలిగింది. పద్నాలుగేళ్ళయింది. ఆ మడత ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. ఎవరికైనా కావాలంటే చూపిస్తాను.

నేనెవరో తెలిశాక కూడా ఆయన, "ఓహో, మీరేనా మేడమ్" అన్నారే తప్ప ఇంకో మాట అనలేదు.

నేను ఇలాంటివి మర్చిపోను. ఎవరు ఏ మాట అన్నారో, అన్నప్పుడు నేను ఎక్కడ నిలబడి ఉన్నానో కూడా చెప్పగలను. మా ఇంట్లో దీన్ని జబ్బంటారు. నేను జ్ఞాపకశక్తి అంటాను. ఈ జ్ఞాపకశక్తి ఒక మనిషి పేరు పాడుచేసేదాకా వెళ్ళింది కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

నలభై దాటాక పార్ట్ టైములో పీహెచ్‌డీకి చేరాను. దివిసీమలో బోరు నీళ్ళలోకి ఉప్పు ఏ మేరకు వస్తోందన్నది నా విషయం. అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్ళే ఊళ్ళలో పన్నెండు ఇళ్ళ బోర్లు ఎంచుకుని ఏడాది పాటు నీళ్ళు పరీక్షించాను. ఆ లెక్కలు పట్టుకుని కమిటీ ముందు నిలబడితే, అందులో పెద్దాయన బిస్కెట్టు విరుస్తూ, "పన్నెండు బోర్లతో ఏం తేలుస్తావమ్మా? ఉప్పులో తేడా ఉన్నట్టు రుజువు కాలేదుగా" అన్నారు.

"తేడా లేదని రుజువైందా సార్?" అన్నాను.

ఈలోగా టీ వచ్చింది. కప్పులు పంచడం అయ్యాక, వయసులో నాకంటే పదేళ్ళు చిన్నవాడైన ఒక సభ్యుడు, "తక్కువ డేటా ఉన్నప్పుడు బేయేసియన్ స్టాటిస్టిక్స్ పనికొస్తుంది మేడమ్. కానీ ఈ వయసులో మొదలుపెట్టడం కష్టం లెండి" అన్నాడు.

'ఈ వయసులో' అన్న ఆ రెండు మాటలే లేకపోతే నేను నేర్చుకుని ఉండేదాన్ని కాదేమో. ఆ అబ్బాయికి ఆ మేరకు రుణపడి ఉన్నానని ఒప్పుకుంటాను. అంతకుమించి ఏమీ లేదు.

గుడివాడలో ఒక రిటైరైన స్టాటిస్టిక్స్ మాస్టారు ఉన్నారని తెలిసింది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక రైలెక్కి వెళ్ళేదాన్ని. ఆయన మధ్యాహ్నం నమాజు చేసుకుని, లుంగీ మీద తెల్ల చొక్కా తొడుక్కుని, వరండాలో బల్ల ముందు నా కోసం కూర్చుని ఉండేవారు. ఫీజు మాట ఎత్తనివ్వలేదు. మొదటి రోజున సూత్రాలు చెప్తారని కొత్త నోటుబుక్కు తీసుకెళ్ళాను. ఆయన నోటుబుక్కు మూసేసి ఒక ప్రశ్న అడిగారు.

"దారిలో మీకో గొలుసు దొరికిందమ్మా. పచ్చగా మెరుస్తోంది. బంగారమా, రోల్డ్ గోల్డా?"

"చూడకుండా ఎలా చెప్తానండీ?"

"ఎక్కడ దొరికిందని అడగరే?"

"ఎక్కడ దొరికింది?"

"మీ చిలకలపూడిలో."

మాది చిలకలపూడే. ఇంటింటా రోల్డ్ గోల్డ్ పనే. మా నాన్న జీవితమంతా ఆ గొలుసులే అతికాడు. "అయితే రోల్డ్ గోల్డే" అన్నాను.

"అదే గొలుసు ఇక్కడ గుడివాడలో, పెద్ద పెళ్ళి జరిగిన కళ్యాణ మండపం మెట్ల మీద దొరికితే?"

"ఆలోచించాలి."

"గొలుసు మారలేదు. మెరుపు మారలేదు. మీకు ముందుగా తెలిసిన సంగతి మారింది. డేటా చూడకముందు మనకున్న నమ్మకాన్ని ప్రయర్ అంటాం. ఇప్పుడు ఆకురాయితో కాస్త గీకి చూశారు. లోపల రాగి ఎరుపు కనపడింది. దాంతో మీ నమ్మకం ఎంత కదలాలో చెప్పేదే బేయ్స్ సూత్రం. ఎటు కదలాలో కాదు, ఎంత కదలాలో. అది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా కూడికలూ గుణకారాలే."

నేను కొంగు మెడ చుట్టూ సర్దుకున్నాను. నా మెడలోని రోల్డ్ గోల్డ్ గొలుసు చూసే ఆ ప్రశ్న అడిగారని నా అనుమానం. నాలుగైదు ఆదివారాల తర్వాత, కళ్ళజోడు లేకపోతే ఆయనకి బల్ల అవతలి మనిషి ముఖమే ఆనదని తెలిసింది. ఆ మొదటి రోజు ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. అప్పటిదాకా ఆ గొలుసు ప్రశ్నని నా లెక్కలో ఆయన పేరు మీద రాసి ఉంచాను. తెలిశాక కొట్టేశాను. నేను కొట్టేయడం అరుదు.

రెండో పాఠం నాకు నచ్చింది. నమ్మకం ఏదైనా సరే, డేటా చూడకముందే కాగితం మీద సిరాతో రాసి, కింద తేదీ వెయ్యాలన్నారు. "చూశాక రాసేది నమ్మకం కాదమ్మా, సర్దుబాటు."

"పాత లెక్కలు చూడకుండా, ఏ బోర్లో ఎంత ఉప్పుందో నేనెలా ముందే చెప్పగలను మాస్టారూ?"

"మీరెందుకు చెప్పడం? రోజూ ఆ నీళ్ళతో వండేవాళ్ళని అడగండి."

అలా మళ్ళీ పులిగడ్డ వారధి దాటి దివిసీమ వెళ్ళాను. ఈసారి సీసాలు లేకుండా, కాగితాలతో. పన్నెండు ఇళ్ళలోనూ ఆడవాళ్ళని ఒకటే అడిగాను, మీ బోరు నీళ్ళలో పప్పు ఉడుకుతుందా అని. ఉప్పు నీళ్ళలో కందిపప్పు మెత్తబడదు, అది దివిసీమలో చిన్నపిల్లకైనా తెలుసు. ఒకావిడ, "పొద్దున పెడితే సాయంత్రానికి కూడా పలుకు పలుకుగానే ఉంటదండీ, మా ఆయన రాళ్ళు వండావా అంటాడు" అంది. ఇంకొకావిడ టీ విరిగిపోతోందని చెప్పింది. మూడేళ్ళ కిందట ఉడికేదనీ ఇప్పుడు ఉడకడం లేదనీ చెప్పినవాళ్ళున్నారు. అవన్నీ తెచ్చి మాస్టారి ముందు పెడితే, ఆయన సంతోషంతో బల్ల మీద చేత్తో చరిచారు. ఒక్కో బోరుకీ ఉప్పు ఎంత నుంచి ఎంత దాకా ఉండవచ్చో, ఏ అంకె దగ్గర నమ్మకం ఎక్కువో, ఆ మాటల నుంచి వంపు గీతలు గీయడం నేర్పారు. పప్పు ఉడకదన్న ఇళ్ళు ఏడు. ఆ ఏడింటి మీదా గట్టి నమ్మకమే రాశాను. సంతకం, తేదీ.

ఇక కొత్తగా నీళ్ళు తేవాలి. ల్యాబ్‌లో కూర్చుని సీసాల మీద చీటీలు అంటిస్తున్నాను. ఈసారి ఏ సీసా ఎవరిదో చూడగానే తెలియడానికి ఒక్కోదాని మీదా ఆ ఇంటివాళ్ళ పేరు గుండ్రంగా, పెద్ద అక్షరాలతో రాశాను. ల్యాబ్ అసిస్టెంటు గారు వెనక నుంచి తొంగిచూసి, "పేర్లెందుకు మేడమ్, నంబర్లు వెయ్యండి. పేర్లుంటే ఇబ్బంది" అన్నారు.

"సీసాలు నావి, చేతిరాత నాది" అన్నాను.

"మీ ఇష్టం" అని పెదవి విరిచి వెళ్ళిపోయారు. అదీ గుర్తుపెట్టుకున్నాను. తలుపు తర్వాత రెండోది.

నీళ్ళు తెచ్చిన రోజు సాయంత్రమైపోతే సీసాలు ల్యాబ్‌లో పెట్టి ఇంటికెళ్ళాను. తాళాలు ఆయన దగ్గర ఉంటాయి. మర్నాడు ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూస్తే, పప్పు ఉడకని ఏడు ఇళ్ళలో నాలుగు ఇళ్ళ సీసాలు చప్పగా, మంచినీళ్ళలా ఉన్నాయి. మూడుసార్లు కొలిచాను. మీటరు కడిగి నాలుగోసారి కొలిచాను. పక్కన నిలబడ్డ అసిస్టెంటు గారు, "ఇవి తాగేయొచ్చు మేడమ్!" అని నవ్వారు.

ఆ నవ్వుతో నాకంతా అర్థమైపోయిందనుకున్నాను. ఆయనే మార్చారు. పేర్లు వద్దన్నా నేను వినలేదని, నా పని పాడుచేసి వినోదం చూస్తున్నారు. ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గారికి రెండు పేజీల ఫిర్యాదు రాసిచ్చాను. తలుపు సంగతి కూడా అందులో ఉంది. అసిస్టెంటు గారు అప్పటికి మూడు నెలల్లో రిటైరవ్వాలి. ఆఫీసు నుంచి ఆయనకి మెమో వెళ్ళింది. విచారణ తేలకపోతే ముప్పై ఏళ్ళ సర్వీసు రికార్డులో చివరి కాగితం నా ఫిర్యాదే అవుతుందని గుమాస్తా చెప్పాడు. అవ్వనీ అన్నాను.

ఆదివారం మాస్టారికి చెప్పాను. ఆయన సానుభూతి చూపిస్తారనుకున్నాను. కాగితం నా వైపు జరిపారు.

"ఆయనే మార్చాడని, ఈ నాలుగు సీసాలు చూడకముందు మీకు నమ్మకం ఎంత? రాయండి."

"నూటికి నూరు."

"మిగతా కారణాలన్నిటికీ కలిపి?"

"సున్నా."

"అయితే అంత దూరం బస్సులో వెళ్ళి నీళ్ళు తేవడం ఎందుకమ్మా? సున్నాని దేంతో గుణిస్తే ఏమవుతుంది? దేవుడే దిగొచ్చి సాక్ష్యం చెప్పినా మీ లెక్క కదలదు. మా సబ్జెక్టులో పాపం ఏదైనా ఉందంటే అది ఇదొక్కటే."

నాకు ఒళ్ళు మండింది. "మీకు ఆయన సంగతి తెలీదు మాస్టారూ."

"తెలీదు. అందుకే అడుగుతున్నా. ఆయన మీ మీద కోపంతో చేసేవాడైతే పన్నెండూ మార్చొచ్చుగా? ఉప్పగా ఉండాల్సినవి ఏడుంటే నాలుగే ఎందుకు మార్చాడు? ఏవి ఉప్పగా ఉండాలో మీరు రాసిన కాగితం ఆయన చూశాడా?"

చూడలేదు. అది నా బీరువాలో ఉంది.

"కనీసం నేను ఊహించని కారణం అని ఒక గడి పెట్టండి. అందులో ఎంతో కొంత వెయ్యండి. నూటికి ఒక వంతైనా సరే."

ఆయన మాట కాదనలేక ఒక వంతు వేశాను. అది కూడా పెన్సిలుతో.

కానీ రైల్లో కూర్చున్నాక ఆ గడి వదల్లేదు. గుడ్లవల్లేరు దాటుతుండగా సంచిలోంచి ఫీల్డ్ నోటుబుక్కు తీశాను. పన్నెండు ఇళ్ళలో ఏం జరిగిందో వరసగా చదివాను. ఎనిమిది ఇళ్ళ దగ్గర, 'పంపు కొట్టి నింపాను' అని రాసుకున్నాను. ఆ నాలుగు ఇళ్ళ దగ్గర మాత్రం, 'కూర్చోబెట్టి టీ ఇచ్చారు, సీసా నింపి తెచ్చారు' అని ఉంది. నాలుగుకి నాలుగూ. నా చేతిరాతే.

ఆ వారం సెలవు పెట్టి దివిసీమ వెళ్ళాను. నాలుగిళ్ళలో మొదటి ఇల్లు. పప్పు గురించి, రాళ్ళు వండావా అంటాడని చెప్పిన ఆవిడదే. పాత చీటీ ఉన్న సీసా చేతికిచ్చి, "మళ్ళీ కాస్త నీళ్ళు కావాలమ్మా" అన్నాను.

"దానికేం భాగ్యం అండీ, మీరు కూర్చోండి, ఎండన పడొచ్చారు" అని కుర్చీ వేసి సీసా లోపలికి తీసుకెళ్ళింది. నేను కూర్చోలేదు. వెనకాలే వెళ్ళాను. వంటింటి గుమ్మంలోంచి చూస్తే, బోరున్న పెరడు వైపు వెళ్ళకుండా, గట్టు మీద ఉన్న ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా వంచి నా సీసా నింపుతోంది. వాటర్ ప్లాంటు నుంచి కొనుక్కొచ్చే తాగే నీళ్ళు.

"అవి బోరు నీళ్ళు కాదు కదమ్మా!"

ఉలిక్కిపడి తిరిగింది. తర్వాత నేనే ఏదో తప్పు మాట్లాడినట్టు చూసింది. "బోరు నీళ్ళు మీకెలా ఇస్తామండీ? నోట్లో పెట్టుకోలేరు."

"నేను తాగడానికి కాదు, పరీక్షకి."

"పరీక్షకే కదండీ మరి! సీసా మీద మా ఇంటి పేరు రాశారు. బందరు తీసుకెళ్ళి పదిమందికీ చూపిస్తారు. మా పేరు పెట్టి ఆ ఉప్పు కషాయం పంపితే పరువుంటదా?"

లోపలి గదిలోంచి ఆవిడ అత్తగారు కేకేసింది. "అడిగారు కదా, పప్పు ఉడకదని చెప్పాంగా! చెప్పడం వేరు, సీసాలో పోసి పంపడం వేరు. ఆ మాత్రం తెలీదా మేడం గారికి?"

తెలీదు. పన్నెండు పేర్లు గుండ్రంగా రాసి పన్నెండు ఇళ్ళకి పంచిపెట్టింది నేను. మిగిలిన మూడు ఇళ్ళలోనూ అదే. ఒకావిడ పొరుగు ఊరి మంచినీళ్ళ చెరువు నుంచి తెచ్చిన నీళ్ళు పోసిందట, డబ్బా నీళ్ళకంటే రుచిగా ఉంటాయని. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. నాకు మర్యాద చేశారు. అసిస్టెంటు గారు ఏమీ మార్చలేదు. పేర్లుంటే ఇబ్బంది అని ఆయన చెప్పింది ఇదే.

తిరిగి వస్తుంటే బస్సులో నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెప్పాలి. సిగ్గుపడాలని కాదు. ఇది ఎవరికీ తెలియక్కర్లేదు, విచారణ దానంతట అదే నడవనీ అని. మూడు నెలల్లో ఆయన వెళ్ళిపోతారు. మోపిదేవి దాకా ఆ ఆలోచనతోనే ఉన్నాను. తర్వాత అది నిలవలేదు. పద్నాలుగేళ్ళుగా ఆ మడత పడ్డ కాగితం దాచుకున్నది, నేను ఏ తప్పూ చెయ్యకుండానే నన్ను బయట నిలబెట్టారనే కదా.

మర్నాడు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాశాను. ప్రిన్సిపాల్ గారికిచ్చే ముందు అసిస్టెంటు గారికి చూపించడం మర్యాద అనిపించి ల్యాబ్‌కి వెళ్ళాను. ఆయన బ్యూరెట్లు కడుగుతున్నారు. మెమో వచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే చదివారు.

"ఇందులో నేను చెయ్యలేదని లేదు మేడమ్."

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఉందిగా."

"'తగిన ఆధారాలు లేనందున' అని రాశారు. అంటే చేశాడు కానీ దొరకలేదనా? దీంతో నేను ఇంటికెళ్ళనా?" గొంతు పెంచలేదు. కాగితం మడవకుండా నా చేతికిచ్చి, మళ్ళీ బ్యూరెట్ల వైపు తిరిగారు.

నాకు కోపమే వచ్చింది. బయటికొచ్చి మాస్టారికి ఫోన్ చేశాను. "మీరే కదా మాస్టారూ, ఏ నమ్మకానికీ సున్నా వెయ్యకూడదన్నారు? పాత సీసాల్లో ఏం జరిగిందో నేను కళ్ళారా చూడలేదు. ఆయన ముట్టుకోలేదని నూటికి నూరు ఎలా రాయను?"

"లెక్కలో సున్నా వద్దన్నానమ్మా" అన్నారు. "ఉత్తరంలో వద్దనలేదు."

"అదేంటండీ, రెంటికీ తేడా ఏముంది?"

"లెక్క రేపు మళ్ళీ చేసుకోవచ్చు. ఆయన రిటైరయ్యేది ఒక్కసారే."

ఆ మాట గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆయన నేర్పిన సబ్జెక్టంతా, తెలిసినదాన్ని బట్టి కదలడమే. ఏ అంకె దగ్గరా కాళ్ళు పాతుకుని కూర్చోకూడదు. నేను మాత్రం పూర్తిగా నమ్మకపోవడాన్ని కూడా కాళ్ళు పాతుకోవడానికే వాడుకున్నాను. మిగిలిన ఆ కాస్త అనుమానం లెక్క కోసం దాచుకున్నది కాదు. అసిస్టెంటు గారిని పూర్తిగా వదిలిపెట్టడం ఇష్టం లేక.

స్టాఫ్ రూములో కూర్చుని రెండో ఉత్తరం రాశాను. 'సీసాలలోని నీరు మారడానికి కారణం నేను వాటిపై పేర్లు రాయడం, నీళ్ళు నా చేతులతో నింపకపోవడం. ల్యాబ్ అసిస్టెంటు గారు ఏ తప్పూ చేయలేదు. నంబర్లు వేయమని ముందే చెప్పారు, నేను వినలేదు.' చివరి వాక్యం రాయడానికి మిగతా ఉత్తరమంతటికీ పట్టినంత సేపు పట్టింది. అసిస్టెంటు గారు చదివి, తల ఊపి, "తేదీ వెయ్యలేదు మేడమ్" అన్నారు. వేశాను.

తర్వాత పన్నెండు బోర్ల నీళ్ళూ మళ్ళీ తెచ్చాను. నా చేతులతో పంపు కొట్టి, అంకెలు మాత్రం ఉన్న సీసాల్లో. ఆ ఏడు ఇళ్ళ నీళ్ళూ ఉప్పగానే ఉన్నాయి, ఒక్కటి మాత్రం ఆడవాళ్ళు చెప్పినదానికంటే కొంచెం తక్కువ. గీసిన వంపులు కదిలాయి, కానీ ఎక్కడా విరగలేదు. సముద్రం వైపు బోర్లలో ఉప్పు పెరుగుతోందని నమ్మడానికి ఎంత కారణం ఉందో, ఎంత లేదో ఇప్పుడు చెప్పగలను. కమిటీలో పెద్దాయన ఈసారి బిస్కెట్టు ముట్టుకోలేదు. అది గమనించాను.

అసిస్టెంటు గారి వీడ్కోలు సభలో శాలువా కప్పడం అయ్యాక, ప్లేట్లు పట్టుకుని అందరూ నిలబడ్డప్పుడు, దగ్గరికెళ్ళి అడిగేశాను. "నేను చేరిన రోజు నా ముఖం మీద తలుపు వేశారు. గుర్తుందా?"

ఆయన లడ్డూ నములుతూ నిజంగానే ఆలోచించారు. "లేదు మేడమ్. ప్రాక్టికల్ పరీక్ష ఏమన్నా జరుగుతోందేమో. పరీక్షప్పుడు ఎవరొచ్చినా వేసేవాణ్ణి, ప్రిన్సిపాల్ గారొచ్చినా." లడ్డూ మింగి, "తగిలిందా?" అన్నారు.

"కాగితానికి తగిలింది" అన్నాను.

ఇంటికొచ్చి ఫైలు తీశాను. ఆ రోజు పరీక్ష జరిగిందో లేదో పాత రిజిస్టర్లు చూస్తే తెలుస్తుంది. ఇంకా చూడలేదు. చూసేలోపు నా నమ్మకం ఎంతో ఒక చీటీ మీద సిరాతో రాసి, తేదీ వేసి, ఆ మడత పడ్డ ఆర్డరుకి పిన్ను చేశాను. ఆయన కావాలనే తలుపు వేసి ఉంటారన్నదానికి సగం కంటే తక్కువే రాశాను. సున్నా మాత్రం రాయలేదు.